పూత పనికి ఈ చిన్నచూపు ఎన్నాళ్ళు?

ఎండలు ముదిరితే హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాకలో షర్బత్ బండ్ల మీదికి గోనెసంచి కప్పుకున్న ఐసు దిమ్మలు వస్తాయి. ఆ దిమ్మ డబ్బాలోంచి ఎలా ఊడివచ్చిందని షర్బత్ తాగే మనం ఎన్నడైనా అడిగామా? ఐసు ఫ్యాక్టరీలో నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలను, సున్నా కన్నా బాగా దిగువకు చల్లబరచిన ఉప్పునీళ్ళలో దించుతారు. గడ్డకట్టాక మామూలు నీళ్ళలో ఒక్క మునక ముంచి వంచితే దిమ్మ జారుతుంది. డబ్బా మీది జింకు పూత లేచి తుప్పు పట్టిందో, ఆ గరుకును ఐసు పట్టుకుని ఓ పట్టాన వదలదు. డబ్బాలెత్తే కూలీకి ఇది చేతుల్లో ఉన్న విద్య. దానికి విలువ కట్టేవాళ్ళే లేరు.

చలిదేశాల రేవుల్లో జెట్టీల బతుకు ఇదే విద్య మీద ఆధారపడి ఉంది. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, జెట్టీని మోసే స్తంభాలైన పైల్స్‌ను చుట్టేస్తుంది. పోటుకు నీటిమట్టం లేస్తే మంచు పైకి తేలుతూ పైల్‌నూ లాగుతుంది. ఆ లాగుడుకు పైల్ కొద్దికొద్దిగా నేలలోంచి పైకి వచ్చేస్తుంది. దాన్ని కాపాడేది పలుచని పూత. నున్నగా ఉంటే మంచు జారిపోతుంది, గీతలు పడితే అక్కడే పాతుకుంటుంది. మంచుకూ పూతకూ నడుమ మిగిలిన ఉప్పునీటి పొర పట్టును సడలిస్తుంది. చలి పెరిగేకొద్దీ ఆ పొరా తగ్గి పట్టు బిగుస్తుంది. మంచును తేలిగ్గా వదిలే మెత్తని సిలికాన్ పూతలు కదిలే మంచు ఒరిపిడికి త్వరగా అరిగిపోతాయి. ఒరిపిడికి నిలిచే గట్టి ఎపాక్సీలకు మంచు ఎక్కువగా అంటుకుంటుంది. రెండు గుణాలూ ఒకేచోట కుదర్చడం చిన్న పనా?

అయినా మెప్పంతా ఉక్కుకు, కాంక్రీటుకు. పూత మాత్రం లెక్కల చివర. డబ్బు చాలకపోతే మొదటి కోత దానికే.

ఛత్రినాకకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బాలాపూర్‌లో, కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. డిటొనేషన్ స్ప్రే, కోల్డ్ స్ప్రే, సోల్-జెల్ పూతల మీద అక్కడ ఏళ్ళుగా పని జరుగుతోంది. పాతబస్తీలో ఎంతమంది పిల్లలకు ఆ పేరు తెలుసు? పక్కనే ఇంత విద్య ఉన్నా మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి చూపించకపోతే ఎలా? పూత పనివాడిని రంగులేసే మనిషిగా చూడటం ఇకనైనా మానండి. అంచనాలు రాసే ఇంజినీర్లారా, పూతను చివరి పద్దులో కాదు, మొదటి పద్దులో రాయండి.