ఎన్ని గొంతులున్నా శ్రుతి ఒక్కటే

మన డబ్లిన్‌లో తెలుగు కుటుంబాలు పెరిగినకొద్దీ పండగనాటి పాటల పోటీలు కూడా పొడుగవుతున్నాయి. సంతోషమే. కాని పోటీలయ్యాక భోజనాల దగ్గర ఏటా ఒకే వాదన వినపడుతుంది. “ఆ పిల్ల కీర్తనా పాడుతుంది, సినిమా పాటా పాడుతుంది, స్కూల్లో కోయిర్‌లోనూ పాడుతుంది. అన్నిట్లో వేలు పెడితే ఏదీ పట్టుబడదండీ” అని ఒకరంటారు. “సినిమా పాట మానిపించండి, లేకపోతే శాస్త్రీయానికి పనికిరాదు” అని ఇంకొకరు. ఆ పిల్ల తల్లి పులిహోర ప్లేటు పట్టుకుని ఎటూ చెప్పలేక నిలబడుతుంది.

గొంతులు పరీక్షించడం నా వృత్తి. పాటలు వినడం నా వ్యసనం. ఈ రెండిటి బలంతో ఈ వాదన మీద నా అభిప్రాయం రాస్తున్నాను. కోప్పడేవాళ్ళు కోప్పడినా చివరిదాకా చదివి కోప్పడమని మనవి.

అన్నీ పాడే గొంతుకు ఏదీ రాదనే మాట నిజమైతే, మన భాషలో ముందుగా కొట్టెయ్యవలసిన పేరు ఎస్. జానకి గారిది. ఆవిడ 1938లో అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు. చిన్నతనంలో నాదస్వర విద్వాంసులు పైడిస్వామి గారి దగ్గర మొదటి పాఠాలు నేర్చుకున్నారు. ఏళ్ళ తరబడి గురుకులవాసం చేసిన చదువు కాదది. 1957లో మద్రాసు వెళ్ళి సినిమాల్లో పాడడం మొదలుపెట్టారు. ఆ ఏడే తమిళంలోనూ, తెలుగులో ‘ఎం.ఎల్.ఎ.’ సినిమాలోనూ పాడారు. 1962లో తమిళంలో ‘కొంజుం సలంగై’, మనకు ‘మురిపించే మువ్వలు’గా వచ్చిన సినిమాలో కారుకురిచి అరుణాచలం గారి నాదస్వరానికి దీటుగా ఆభేరి రాగంలో పాడిన పాట మనలో చాలామందికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాదస్వరం గుడి ప్రాకారం దాటి ఊరంతా వినిపించాలని పుట్టిన వాద్యం. దాని పక్కన మనిషి గొంతు నిలబడడమే కష్టం. ఆవిడ నిలబడడమే కాదు, గమకానికి గమకం అప్పజెప్పారు.

అదే గొంతు 1978లో ‘పదహారేళ్ళ వయసు’లో పల్లెటూరి పిల్ల గొంతయింది. 1981లో ‘సప్తపది’లో పసిపిల్లవాడి గొంతయింది. ఆ పాట విని నిజంగా చిన్నపిల్లల చేత పాడించారనుకున్నవాళ్ళు ఎంతమందో! 1983లో ‘సాగరసంగమం’, 1984లో ‘సితార’. జాతీయ పురస్కారాలు నాలుగు వచ్చాయి. తమిళానికి రెండు, మలయాళానికి ఒకటి, తెలుగులో ‘సితార’కు ఒకటి. మలయాళీలను అడగండి, కన్నడిగులను అడగండి. వాళ్ళందరికీ ఆవిడ ‘మా జానకమ్మ’. మన రేపల్లె మనిషి అని చెబితే ఆశ్చర్యపోతారు. పరాయి భాషవాళ్ళు తమ మనిషి అనుకునేటట్టు పాడడం కంటె పెద్ద విదేశీ పర్యటన ఏముంటుంది?

ఇక సముద్రం అవతల మాట. ఫ్రాన్సులో నతలీ దెస్సే అనే సొప్రానో ఉన్నారు. సొప్రానో అంటే ఆడవాళ్ళ గొంతుల్లో అన్నిటికంటె పై స్థాయిది. ఆవిడ 1965లో లియాన్‌లో పుట్టారు. మొదట నర్తకి కావాలనుకున్నారు, తర్వాత నటి కావాలనుకున్నారు. నటన నేర్చుకుంటూండగా గొంతు బయటపడింది. మోట్సార్ట్ ‘మేజిక్ ఫ్లూట్’లో కోపంతో ఊగిపోయే రాత్రిరాణి, ఆఫెన్‌బాక్ ఆపెరాలో కీ ఇస్తే పాడే మరబొమ్మ, డొనిజెట్టి రాసిన విషాద నాయిక లుచియా, సైనికుల మధ్య పెరిగిన అల్లరి పిల్ల మరీ – ఇన్ని రకాల పాత్రలతో పారిస్, వియన్నా, లండన్, న్యూయార్కు తిరిగి మెప్పించారు. 2007లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరా ఆ ఏటి ప్రదర్శనలను ఆవిడ లుచియాతోనే ప్రారంభించింది. మరుసటి ఏడు మన శాన్‌ఫ్రాన్సిస్కో ఆపెరాలో కూడా అదే పాత్ర వేశారు. మన డబ్లిన్ స్టేషన్‌లో బార్ట్ ఎక్కితే మారకుండా సివిక్ సెంటర్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి నాలుగడుగులు. అయినా మనవాళ్ళు అటు వెళ్ళేది వీసా పనికీ, పార్కింగుని తిట్టుకోడానికీ మాత్రమే!

వీళ్ళిద్దరి విద్యలూ ఒకటి కావు. ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. ఆపెరాలో మైకు లేదు. కింద అరవై డెబ్భై వాద్యాలు మోగుతూంటే వాటి మీదుగా మూడువేలమంది కూర్చున్న హాల్లో చివరి వరసకు గొంతు చేరాలి. జానకి గారిది మైకు విద్య. మైకు ముందు నిట్టూర్పు కూడా సంగీతమే. గుసగుసను కూడా శ్రుతిలో పెట్టొచ్చు. దెస్సే ఒళ్ళంతా నటిస్తారు, పరుగెడతారు, నేలమీద పడతారు. జానకి గారు వేదిక మీద చెయ్యి కూడా కదపరు, నటనంతా కంఠంలోనే. ఇంత తేడా ఉన్నా ఇద్దరిలోనూ కనిపించేది ఒకటుంది. పాత్ర మారినప్పుడు గొంతు రంగు మారుతుంది గాని, శ్రుతి మారదు, ఊపిరి పట్టు మారదు, మాట స్పష్టత మారదు. బహుముఖ ప్రజ్ఞ అంటే పది పునాదులు కాదు. ఒక్క పునాది మీద పది గదులు.

మన బాలమురళీకృష్ణ గారిని తలుచుకోండి. కచేరీ గాత్రం, వయోలా, మృదంగం, సినిమా పాట, సినిమా సంగీతం, ‘భక్త ప్రహ్లాద’లో నారదుడి వేషం. ఇన్నీ చేసినందుకు ఆయన్ను సందేహంగా చూసిన సంప్రదాయవాదులున్నారు. ఫ్రాన్సు ప్రభుత్వం 2005లో షెవాలియే గౌరవం ఇచ్చేటప్పుడు ‘ఇన్ని ఎందుకు చేశావయ్యా’ అని అడగలేదు!

అయితే ఇక్కడ డాక్టరుగా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఎన్ని రకాలు పాడినా పర్వాలేదన్నాను గాని, ఎలా పాడినా పర్వాలేదనలేదు. పెద్ద ఆడవాళ్ళ స్వరతంతుల పొడుగు సెంటీమీటరు చిల్లర. మామూలుగా మాట్లాడేటప్పుడు అవి సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. ఆ రాత్రిరాణి పాటలో అన్నిటికంటె పై స్వరం దగ్గర సుమారు 1,400 సార్లు. అంత చిన్న కండ మీద అంత పని! దెస్సే వంటి కళాకారిణికే 2000 తర్వాత రెండుసార్లు స్వరతంతుల శస్త్రచికిత్స అవసరమైంది. కోలుకుని మళ్ళీ శిఖరం చేరారు. 2013లో తులూజ్‌లో ‘మనోన్’ పాడి, 48వ ఏట ఆపెరా వేదికకు సెలవు చెప్పారు. పాట మానలేదు. తన గొంతుకు నప్పే ఇతర గానానికీ, నాటకానికీ మళ్ళారు. జానకి గారు కూడా 2016లో విరమణ ప్రకటించి, 2017 అక్టోబరులో మైసూరులో కచేరీ చేసి వేదికకు సెలవు తీసుకున్నారు. మొదలుపెట్టి సరిగ్గా అరవై ఏళ్ళు. ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా గాత్ర విద్యలో భాగమే.

మన పోటీల్లో జరిగేదేమిటి? రికార్డు మీద గొంతు తీసేసిన ట్రాక్ ఒకటి తెచ్చుకుంటారు. అది మద్రాసులో ఎవరో మహాగాయని శ్రుతికి కట్టింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ శ్రుతికి మెడ నరాలు ఉబ్బేలా ఎక్కాలి. పన్నెండు పదమూడేళ్ళ మగపిల్లవాడు, గొంతు మారే వయసువాడు, పగిలిన కంఠంతో అదే శ్రుతిలో ఈదాలి. అందుకోలేకపోతే ‘ప్రాక్టీసు చాల్లేదు’ అంటాం. ప్రాక్టీసు చాలకపోవడం కాదండీ, చెప్పుల సైజు తప్పడం అది. ఆ పట్టుదలతో అరిచి అరిచి స్వరతంతుల మీద కాయలు కాసిన పిల్లలు నా దగ్గరకొస్తూంటారు. చాలామందికి కత్తి అవసరం ఉండదు. సరైన తర్ఫీదు, కొంత విశ్రాంతి, నీళ్ళు చాలు. కాని గొంతు బొంగురు నాలుగు వారాలు దాటితే మిరియాల కషాయంతో సరిపెట్టకండి. డాక్టరుకు చూపించండి.

ఇంకో సంగతి. 2013లో జానకి గారికి పద్మభూషణ్ ప్రకటిస్తే ఆవిడ వద్దన్నారు. చాలా ఆలస్యంగా ఇచ్చారనీ, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు రావడం లేదనీ అన్నారు. అహంకారమన్నవాళ్ళున్నారు. నాకలా అనిపించలేదు. 55 ఏళ్ళు పాడిన మనిషికి తన పాట విలువ తనకు తెలుసు. మనకే తెలియదు. ఢిల్లీ ముద్ర పడితేనో, అమెరికాలో పెద్ద హాలు దొరికితేనో మనవాళ్ళు గొప్పవాళ్ళని నమ్ముతాం. తర్వాత ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఇరవై ఫొటోలు. ఆ శాలువా ఖర్చులో సగం పెట్టి, ఒక్క మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిడ పాటలు ఆరు వినిపించి, ‘ఈ ఆరూ ఒకే మనిషి పాడింది, ఎలా మార్చిందో చెప్పండి’ అని అడిగామా?

అంచేత కార్యవర్గం ముందు మూడు మనవులు పెడుతున్నాను. ఒకటి, వచ్చే ఏడు నుంచి పోటీల్లో ఎవరి శ్రుతి వాళ్ళదే. ట్రాక్ శ్రుతి మార్చడానికి కంప్యూటరుకు అరనిమిషం పట్టదు. మన ఊళ్ళో ఇంటికో ఇంజనీరున్నాడు, ఈ మాత్రం సాయం చెయ్యకపోడు. రెండు, రికార్డును ఎంత బాగా అనుకరించారన్నదానికి మార్కులు తీసేసి, శ్రుతికీ, మాట స్పష్టతకూ, భావానికీ ఇవ్వాలి. మూడు, పెద్ద పిల్లలకు రెండు పాటలు పెట్టాలి, రెండూ వేర్వేరు రకాలు. ఒకటి కీర్తనైతే రెండోది జానపదమో, సినిమా పాటో, అమ్మమ్మ ఫోనులో నేర్పిన జోలపాటో కావచ్చు.

దీనివల్ల కీర్తన పాడవుతుందని భయపడేవారికి ఒక్క మాట. మన పిల్లలు పొద్దున్న బడిలో ఒక యాసతో మాట్లాడి, సాయంత్రం తాతయ్యతో ఇంకో యాసతో మాట్లాడతారు. మనమూ అంతే. ఆఫీసు ఫోన్లో మన గొంతు విని మన అమ్మ గుర్తుపట్టదు. అంతమాత్రాన మనం ఇద్దరు మనుషులమైపోయామా? ఎవరి గొంతు ఎక్కడ అవసరమో అక్కడ పలుకుతోంది. లోపల శ్రుతి సరిగ్గా ఉంటే చాలు.

కాబట్టి ఈసారి భోజనాల దగ్గర ఆ తల్లి కనిపిస్తే ‘ఏదో ఒకటి మానిపించండి’ అనకండి. ‘మీ అమ్మాయి శ్రుతి ఎంతండీ?’ అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన ఇంట్లో ఏ పాటైనా పాడుకోవచ్చు.