యూపీఐకి గండం చెల్లింపులా, ప్రశ్నలా?

2025 ఏప్రిల్ 12, శనివారం. దేశమంతా యూపీఐ చెల్లింపులు మొరాయించాయి. కొట్టు ముందు స్కాన్ చేస్తే ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. జేబులో నోట్లు లేనివాళ్లు ఇబ్బంది పడ్డారు.

డబ్బు పంపేవాళ్లు ఎక్కువై ఇలా జరిగిందనుకుంటే పొరపాటే. 'ఈ లావాదేవీ ఏమైంది?' అని కొన్ని బ్యాంకులు పాతవాటి గురించి కూడా పదేపదే అడగడంతో సర్వర్లపై భారం పడిందని ఎన్‌పీసీఐ తేల్చింది. జవాబు ఆలస్యమైతే మళ్లీ అడుగుతారు. అడిగేకొద్దీ జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. ఇదే అసలు చిక్కు.

అందుకే రూల్స్ మారాయి. జూన్ 16 నుంచి లావాదేవీ స్టేటస్ చెప్పే గడువు 30 సెకన్ల నుంచి 10 సెకన్లకు తగ్గింది. ఆగస్టు 1 నుంచి ఒక్కో యాప్‌లో బ్యాలెన్స్ రోజుకు 50 సార్లే చూసుకోవచ్చు. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు, సాయంత్రం 5 నుంచి రాత్రి 9:30 వరకు ఆటోపే కోతలు ఉండవు. అంటే రద్దీ వేళ సర్వర్లు కొట్టు దగ్గర నిలబడ్డ మనిషికే ముందు పలకాలన్నమాట.

అయితే బ్యాలెన్స్ 50 సార్లు చూసే కస్టమర్లు ఎందరుంటారు? నిఘా గట్టిగా ఉండాల్సింది బ్యాంకుల సర్వర్ల మీదే. చిన్న వ్యాపారికి యూపీఐ ఆగిన ప్రతి గంటా పోయిన బేరమే మరి.