తెలుగు పేరు కావలెను, తెలుగు అయ్యవారు వలదా?

శిక్షణ ముగించి, పట్టము చేతబట్టుకొని, పనికై తిరుగుచున్న తెలుగు ఉపాధ్యాయ యువకులును యువతులును మన తమిళనాట ఒకరిద్దరు కారు. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి, చెన్నపట్టణము, ఎచ్చట విచారించినను ఇదే మాట. రెండేండ్ల శిక్షణ, అటుపై అర్హత పరీక్ష, అటుపై నియామక పరీక్ష. ఇంత శ్రమపడినవారు తుదకు మావంటి వర్తకుల అంగళ్లకు వచ్చి, చిట్టా వ్రాయు పనియైనను ఇప్పింపుడని అడుగుచున్నారు. పని ఇచ్చుట మాకు కష్టము కాదు. కాని పాఠము చెప్పుటకు చదివినవారిచే పద్దులు వ్రాయించుట లాభమని ఏ వర్తకుడును ఒప్పుకొనడు. ఈ నష్టమును ఎవరి ఖాతాలో వ్రాయవలయునో తేల్చుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

“తెలుగు చదువు పిల్లలు లేరు, కనుక తెలుగు అయ్యవారు అక్కరలేదు” అని అధికారులు సెలవిచ్చుచుందురు. 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగును మాతృభాషగా వ్రాయించినవారు 42 లక్షలకు పైబడిరి. ఇంతమంది యిండ్లలో పిల్లలు లేరా? పిల్లలు ఉన్నారు, తరగతి లేదు. ఉన్న అయ్యవారు విరమించగనే ఆ స్థానమును ఖాళీగా నుంచుట. బోధించువారు లేరు గనుక తల్లిదండ్రులు పిల్లలను వేరు తరగతిలో చేర్చుట. మరుసటి యేడు పిల్లలు లేరను సాకుతో ఆ స్థానమునే తీసివేయుట. అంగడి తలుపులు మూయించి, బేరము లేదని లెక్క వ్రాసినట్లున్నది!

శాసనము మన పక్షముననే యున్నది. ఒక తరగతిలో 10 మందియో, పాఠశాల మొత్తమున 40 మందియో పిల్లలున్నచో ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లోనే రాష్ట్రముల విద్యామంత్రులు తీర్మానించిరి. 1956లో రాజ్యాంగమునకు జరిగిన 7వ సవరణలో 350-ఎ అధికరణము చేరి, ఇట్టి సదుపాయము కల్పించుటకు ప్రతి రాష్ట్రమును పాటుపడవలెనని చెప్పినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము సైతము సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన జరుగవలెనన్నది. ఆ “సాధ్యమైనంతవరకు” అను మాట చాటుననే మన స్థానములు మాయమగుచున్నవి.

2006 నాటి తమిళ అభ్యసన చట్టము తమిళమును మొదటి భాగముగా నిర్బంధము చేసి, ఇతర మాతృభాషలను ఇష్టమైనవారు మాత్రమే చదువు నాల్గవ భాగమునకు పంపినది. తమిళము నేర్వవలదని మనమెన్నడును అనలేదు. తరతరములుగా మనకు అన్నము పెట్టిన భాష అది. మన బేరసారములన్నియు దానిలోనే సాగుచున్నవి. కాని తమిళము నేర్పుటకు తెలుగును మాన్పించుట యేల? తెలుగు తరగతికి అయ్యవారిని నియమించునపుడు తెలుగున అతనికి గల పాండిత్యము ముందు చూడవలదా?

“మీ ఆంధ్రదేశమునకు పోరాదా?” అని కొందరు ఎగతాళి చేయుదురు. పోయినవారికి ఎదురైనదేమి? 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదలుకొని అచ్చట కొలువులలో అధిక భాగము స్థానికులకే కేటాయింపబడుచున్నది. హోసూరు బిడ్డ సరిహద్దు దాటి కుప్పము చేరినను స్థానికేతరుడే. ఇచ్చట పరభాషవాడు, అచ్చట పరప్రాంతమువాడు. ఇక అతడు ఎచ్చటివాడు?

ప్రభుత్వమును నిందించి ఊరకుండుట సులభము. మేము అసలు అడుగదలచినది మనవారినే. రాజ్యాంగము 30వ అధికరణమున అల్పసంఖ్యాకులకు విద్యాలయములు స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. ఆ హక్కు క్రింద తెలుగు అల్పసంఖ్యాక హోదా పొందిన విద్యాలయములు ఈ రాష్ట్రమున కలవు. అల్పసంఖ్యాకుల విద్యాలయములకు విద్యాహక్కు చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినపుడు ఆ మినహాయింపును వీరును అనుభవించిరి. 2025 సెప్టెంబరులో ఆ తీర్పును మరల పరిశీలింపుడని అదే న్యాయస్థానము విస్తృత ధర్మాసనమునకు నివేదించినపుడు వీరిలో కలవరము పుట్టినది. మంచిది. తెలుగు పేరున హోదా తెచ్చుకొని, తెలుగు పేరున మినహాయింపు పొంది, తరగతి గదిలో తెలుగు అక్షరమైన వ్రాయించని యాజమాన్యములను ఏమనవలెను? నేతిపేరు చూపి నూనె అమ్మువానికి బజారులో ఏ మర్యాద జరుగునో మన వర్తకులకు తెలియును.

“తల్లిదండ్రులు ఆంగ్లమే కోరుదురు, మేమేమి చేయుదుము?” అని వారందురు. ఆంగ్లము మానుడని ఎవరనిరి? దినమునకు ఒక గంట తెలుగు చెప్పించుడని మాత్రమే కోరుచున్నాము. ఆరు తరగతులకు ఒక్కొక్క గంట చొప్పున ఆరు గంటలు. ఒక అయ్యవారికి నిండు పని. బస్సులకును, ప్రవేశద్వారములకును, వార్షికోత్సవ పందిళ్లకును దొరకు ధనము ఈ ఒక్క జీతమునకు దొరకదనుట నమ్మదగినది కాదు.

కావున మేము కోరునవి ఇవి. మొదటిది, తెలుగు హోదా గల ప్రతి విద్యాలయమును వచ్చు జూను నాటికి ఒక తెలుగు ఉపాధ్యాయునైనను పూర్తి జీతముపై నియమింపవలెను. అది చేయలేనిచో ఆ హోదాను గౌరవముగా వదలుకొనవలెను. రెండవది, ప్రతి ఊరి శాఖయు బడులు తెరువకమునుపే తెలుగిండ్లు తిరిగి, తరగతివారీగా పిల్లల పేర్లు వ్రాసి, తల్లిదండ్రుల సంతకములతో ప్రధానోపాధ్యాయునికిని జిల్లా విద్యాధికారికిని అందజేసి, ముట్టినట్లు రసీదు పుచ్చుకొనవలెను. పదిమంది పేర్లు కాగితముపై నున్నచో పిల్లలు లేరను మాట పలుకుటకు నోరు రాదు. మూడవది, ప్రభుత్వము ఖాళీగానున్న తెలుగు స్థానములను రద్దు చేయక, తగినవారు దొరకువరకు తాత్కాలికముగానైనను నింపవలెను.

నాల్గవది పిల్లల తల్లిదండ్రులకు. సంఘసభలలో తెలుగు తల్లికి హారతులిచ్చి, మరునాడు ప్రవేశపత్రమున మాతృభాష గడిని ఖాళీగా వదలుట మానవలెను. ఆ గడిలో వ్రాయు ఒక్క మాట మీద ఒక యువకుని బ్రతుకు ఆధారపడియున్నది.

అయ్యవారు లేని బడిలో భాష నిలువదు. ఇప్పుడు తిరుగుచున్న ఈ యువకులు విసిగి వేరు వృత్తులలో స్థిరపడినపిమ్మట మనము వెదకినను తెలుగు చెప్పువారు దొరకరు. హోదాపత్రములు మాత్రము గోడలకు వ్రేలాడుచుండును. వానిని చదివి అర్థము చెప్పువారెవ్వరు?