చివరి పేరా చదివారా?

తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మా వైపు ఎవరూ ఉత్త మాధవరం అనరు. ‘మిలటరీ మాధవరం’ అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు అది. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకీ సోకింది. మా ఇంట్లో అది సోకినవాడు మా చిన్నబాబాయి. పదో తరగతి అయ్యాక కొన్నాళ్ళు ఊళ్ళో ట్రాక్టరు తోలి, ఆ చేత్తోనే వెళ్ళి సైన్యంలో ట్రక్కు డ్రైవరుగా చేరాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా నెత్తిమీద నల్ల ట్రంకుపెట్టె, దానిమీద తెల్లరంగుతో రాసిన పేరూ, నంబరూ. ఆ పెట్టె మూత తీస్తే వచ్చే వాసన మా పిల్లలందరికీ ఇష్టం. జీడిపప్పు, షూ పాలిషు, కలరా ఉండలు కలిసిన వాసన అది.

1995 చలికాలంలో జమ్మూ నుంచి శ్రీనగర్ వెళ్ళే దారిలో, కాన్వాయ్‌లో బాబాయి నడుపుతున్న ట్రక్కు మంచుమీద జారి పక్కకి ఒరిగిపోయింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఆస్పత్రిలో నెలల తరబడి ఉన్నాక తేలికపాటి పనుల్లో పెట్టారు. అలాగే మిగతా సర్వీసు పూర్తిచేసి 2002లో ఇంటికి వచ్చేశాడు. నడకలో చిన్న కుంటు. ఎవరైనా అడిగితే, ‘‘మోకాలికి బద్ధకం ఎక్కువైందండీ’’ అని నవ్వేసేవాడు. చలికాలం రాత్రుళ్ళు ఆ కాలు ఎలా సలిపేదో పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు.

2014 సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ‘‘అబ్బాయ్, బ్యాంకులో డిశ్చార్జి పుస్తకం అడుగుతున్నారు, కాస్త పెట్టెలోంచి తీసిపెట్టు’’ అన్నాడు. పుస్తకం దొరికింది. దాని కింద ఓ గోధుమరంగు కవరు కూడా దొరికింది. అందులో 2003 నాటి ఇంగ్లీషు ఉత్తరం ఉంది. వైకల్యం 30 శాతం అని మెడికల్ బోర్డు తేల్చిందనీ, అయితే అది సైనిక సేవ వల్ల కలిగినదని రుజువు లేదు కాబట్టి వైకల్య పింఛను ఇవ్వలేమనీ దాని సారాంశం. రెండో పేజీలో చివర నాలుగే నాలుగు లైన్లున్నాయి. ఈ నిర్ణయం మీకు సమ్మతం కాకపోతే ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు అని.

‘‘బాబాయ్, అప్పీలు చేశావా?’’

‘‘ఏ అప్పీలురా? రాదని రాశారుగా.’’

‘‘చివరి పేరా చదివావా?’’

‘‘నాకంత ఇంగ్లీషెక్కడిది? మాస్టారు చదివిపెట్టారు. మొదటి పేజీ అవగానే, రాదంటున్నారయ్యా, ఇంకెందుకులే అని మడిచి ఇచ్చేశారు.’’

మాస్టారి తప్పు లేదు. లేదు అన్న మాట వినపడ్డాక మనలో ఎంతమంది కాగితం తిరగేస్తాం? ఆరు నెలల గడువు కాస్తా పదేళ్ళు దాటిపోయింది. ఈమధ్యలో చెల్లెలి నర్సింగు చదువు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, దాన్ని తీర్చడానికి అమ్మిన అరెకరం... అవన్నీ ఆ మడిచిన కాగితం కిందే ఉన్నాయనిపించింది నాకు.

ఈ వారం ఆ కాగితం గురించే. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో సైన్యంలో పనిచేసినవారు తప్పక ఉంటారు. వారి ట్రంకుపెట్టెలోనూ ఇలాంటి కవరు ఉండొచ్చు.

ముందు అసలు విషయం చెప్పుకుందాం. సర్వీసు పింఛను వేరు, వైకల్య పింఛను వేరు. జవానుకి సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్ళు నిండాలి. గాయంతోనో జబ్బుతోనో మధ్యలోనే పంపించేస్తే, ఆ వైకల్యం సేవ వల్ల వచ్చిందేనని తేలినప్పుడు ఈ పదిహేనేళ్ళ లెక్క అడ్డం రాదు. సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికైతే మామూలు పింఛను మీద వైకల్య భాగం అదనంగా కలుస్తుంది. పూర్తి వైకల్యానికి ఆ భాగం చివరి జీతంలో 30 శాతం. శాతం తగ్గితే సొమ్మూ ఆ లెక్కన తగ్గుతుంది. మామూలుగా 20 శాతానికి తక్కువైతే రాదు. శత్రువు కాల్పుల్లోనో, సరిహద్దు ఘర్షణలోనో, ఉగ్రవాదులతో పోరులోనో గాయపడితే దాన్ని యుద్ధగాయం కింద లెక్కగట్టి, పూర్తి వైకల్యానికి 60 శాతం ఇస్తారు.

బయటికి పంపేముందు మెడికల్ బోర్డు కూర్చుంటుంది. అది తేల్చేవి మూడు. వైకల్యం ఏమిటి? ఎంత శాతం? సైనిక సేవ వల్ల వచ్చిందా, లేక ఉన్నది సేవ వల్ల ముదిరిందా? మొదటి రెండింటికీ జవాబు శరీరంలోనే దొరుకుతుంది. మూడోదానికి కాగితంలో దొరకాలి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. దెబ్బ తగిలినప్పుడు యూనిట్లో గాయం నివేదిక రాస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ డ్యూటీలో ఉండగా తగిలిందో అందులో ఉంటుంది. అవసరమైతే విచారణ జరుపుతారు. ఆ నివేదిక రాయకపోయినా, రాసింది ఫైల్లోకి చేరకపోయినా, కొన్నేళ్ళ తర్వాత కూర్చునే బోర్డుకి విరిగిన కాలు కనిపిస్తుంది గానీ జారిన ట్రక్కు కనిపించదు. సెలవులో సొంతపని మీద తిరుగుతూ పడ్డాడో, డ్యూటీలో పడ్డాడో వాళ్ళకేం తెలుస్తుంది? బాబాయి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

గాయాల సంగతి ఇలా ఉంటే, జబ్బుల సంగతి ఇంకా చిక్కు. ఇది నీ ఒంటితత్వం వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదు అని రాసి పంపడం ఎన్నో ఏళ్ళు మామూలుగా సాగింది. ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడికి అలాగే రాశారు. 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన ఆయన్ని మూర్ఛ వ్యాధి ఉందని 1994లో పంపించేశారు. వైకల్యం 20 శాతమన్నారు, పింఛను లేదన్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2013 జూలైలో తీర్పు వచ్చింది. చేర్చుకునేటప్పుడు మీ డాక్టర్లే పరీక్ష చేసి ఆరోగ్యవంతుడన్నారు, అప్పటికే జబ్బు ఉందని ఎక్కడా రాయలేదు, కాబట్టి అది సేవలో వచ్చిందనే అనుకోవాలి, కాదని నిరూపించాల్సిన భారం సైనికుడిది కాదు అని ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలకు ఆ తీర్పు ఊతమైంది.

మేమూ పని మొదలుపెట్టాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే అక్కడున్న మాజీ సుబేదారు ఒకాయన కవరు చూసి, ‘‘ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయో ఊళ్ళల్లో’’ అని నిట్టూర్చి, అప్పీలు ఎలా రాయాలో చెప్పాడు. పైసా తీసుకోలేదు. మెడికల్ బోర్డు కాగితాల నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. బోర్డు కాగితాలు వచ్చాయి. గాయం నివేదిక మాత్రం దొరకలేదన్నారు.

దాన్ని దొరికించింది పిన్ని. నిజానికి నివేదిక కాదు, ఆస్పత్రి డిశ్చార్జి చీటీ. పాత ఎక్స్‌రే కవర్లో ఎక్స్‌రేతోపాటే ఉంది. కాన్వాయ్ డ్యూటీలో వాహన ప్రమాదం వల్ల గాయం అని డాక్టరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ కవరు బీరువా పైన దుమ్ములో పడుంది. ‘‘ఎక్స్‌రే పారేస్తే కాలికి అరిష్టమేమోనని ఉంచానురా’’ అంది పిన్ని.

బాబాయే మొరాయించాడు. ‘‘నాతోపాటు ఆ దారిలో వెళ్ళి తిరిగి రానివాళ్ళున్నారు. నేను కాళ్ళమీద ఇంటికొచ్చా. ఇప్పుడు కాలు చూపించి డబ్బులడగనా? బిచ్చం కాదూ?’’ అన్నాడు. పిన్ని ఎప్పుడూ ఆయనకి ఎదురు చెప్పదు. ఆరోజు చెప్పింది. ‘‘కాలు మీరిచ్చారు, సరే. పన్నెండేళ్ళుగా రాత్రుళ్ళు కూర్చుని కాపడం పెట్టింది నేను. అరెకరం అమ్మేటప్పుడు సంతకం పెట్టింది నేను. మీకు సిగ్గయితే నా కోసం అడగండి’’ అంది. ఆయన ఇంకేం మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

గడువు దాటిందని అప్పీలు తిరిగొచ్చింది. 2015లో ట్రిబ్యునల్‌కి వెళ్ళాం. సైనికుల కేసులకోసమే 2007 చట్టం కింద సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏర్పడింది. 2009 నుంచి పనిచేస్తోంది. మనవాళ్ళ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ఆలస్యానికి కారణం చెప్పుకుంటే విన్నారు. డిశ్చార్జి చీటీ చూశారు. 2017లో తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది.

ఈలోగా మాకు తెలియకుండానే ఇంకో మేలు జరిగింది. మధ్యలో పంపించేసినవారికి వైకల్య శాతాన్ని పైకి సవరించే పద్ధతి 1996 నుంచి వర్తిస్తోంది. 50కి తక్కువుంటే 50గా, 50 నుంచి 75 దాకా ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా లెక్కిస్తారు. సర్వీసు పూర్తిచేసినవారికి మాత్రం అది ఇచ్చేవారు కాదు. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు వారికీ ఇవ్వాలంది. బాబాయి 30 శాతం 50 అయింది. చివరి జీతం 40 వేలు అనుకుంటే, 30 శాతానికి నెలకు 3,600 వచ్చేది, 50 శాతానికి 6,000 వస్తుంది. దానిమీద కరవు భృతి అదనం.

మరి పోయిన ఏళ్ళ బకాయి? అక్కడే గుండె కలుక్కుమంది. 1983లో సైన్యం నుంచి బయటికొచ్చి 1999లో కోర్టుకెక్కిన తర్సేమ్ సింగ్ కేసులో, హక్కు ఉంది, కానీ ఆలస్యంగా వచ్చావు కాబట్టి బకాయి సుమారు మూడేళ్ళకే అని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. మాకూ అదే కొలత. కేసు వేసిన నాటికి ముందు మూడేళ్ళది ఇచ్చారు. 2002 నుంచి 2012 దాకా పదేళ్ళది పోయింది. ఎవరూ దోచుకోలేదు. చివరి పేరా చదవకపోవడం వల్ల పోయింది, అంతే.

ఇప్పుడు కొన్ని మారాయి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఆ తర్వాత బయటికొచ్చేవారు మా బాబాయి లెక్క చూసి తమ లెక్క వేసుకోకూడదు. 2022లో మొదలైన అగ్నిపథ్‌లో చేరినవారికి పింఛనే లేదు. సేవ వల్ల వైకల్యం కలిగితే 50, 75, 100 శాతాలకు వరసగా 15, 25, 44 లక్షలు ఒకేసారి ఇస్తామని ఆ పథకంలో ప్రకటించారు. అంటే శాతం ఎంతని రాశారు, సేవ వల్లే అని రాశారా లేదా అన్న ప్రశ్నలు వారికి ఇంకా ముఖ్యం. సైనిక కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలైలో ఒక పథకం మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు.

మీ ఇంట్లో సైనికుడుంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. దెబ్బ తగిలిన వారంలోనే గాయం నివేదిక రాశారో లేదో కనుక్కోమనండి. ఆస్పత్రి చీటీలు, ఎక్స్‌రేలు, బోర్డు కాగితాల నకళ్ళు ఇంటికి ఒక సెట్టు పంపమనండి. ఏ ఉత్తరం వచ్చినా, వచ్చిన తేదీ కవరుమీద రాసిపెట్టండి. ఇంగ్లీషు రాకపోతే వచ్చినవారితో ఆఖరి లైను దాకా చదివించండి. మొదటి పేజీలో లేదు అన్నా సరే, రెండో పేజీ తిప్పమని అడగండి.

మొన్న మా వీధిలో ఒక కుర్రాడు అగ్నివీరుగా ఎంపికై, వెళ్ళేముందు బాబాయి దీవెన కోసం వచ్చాడు. ధైర్యంగా ఉండమనో, ఊరి పేరు నిలబెట్టమనో అంటాడనుకున్నా. బాబాయి వాడి భుజంమీద చెయ్యేసి, ‘‘బాబూ, దెబ్బ తగలకూడదు. తగిలిందా, కట్టు కట్టించుకున్నాక కాగితం అడుగు. సిగ్గుపడకు. అది బిచ్చం కాదు’’ అన్నాడు.

వంటింట్లో పిన్ని గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.