శాఖ మారితే చదివిన చదువు వృథాయేనా?

చివరి సంవత్సరం వచ్చేసరికి, గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు దాటి కళాశాలకు నడిచివచ్చే మిత్రుల నోట ఒకే ప్రశ్న వినవస్తుంది: సివిల్ చదివినవారు పైచదువు కంప్యూటరు శాస్త్రంలో చేయవచ్చునా? ఇంట్లో ఈ మాట ఎత్తగానే, ‘‘నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరేనా?’’ అని అమ్మీ, అబ్బా నిట్టూరుస్తారు. ఆ ఫీజుల వెనుక వారి చెమట ఉన్నది గనుక ఆ బాధను మేము తేలికగా తీసివేయము. కాని వృథా అన్న మాటను మాత్రం అంగీకరించలేము.

పదిహేడేళ్ళ ప్రాయంలో శాఖను నిర్ణయించినది చాలామంది విషయంలో ప్రవేశపరీక్ష ర్యాంకు, మిగిలిన సీటు, బంధువుల సలహా. నాలుగేళ్ళు చదివిన పిమ్మట తన అభిరుచిని తెలుసుకుని చేసే ఎంపికకు అంతకంటె ఎక్కువ గౌరవం దక్కవలెను.

మన తెలుగువాడైన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అనగా రాజ్ రెడ్డి గారి జీవితం ఇందుకు తార్కాణం. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆయన 1958లో మద్రాసు గిండీ కళాశాల నుండి సివిల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. ఆస్ట్రేలియాలో 1960లో ఎం.టెక్. ముగించి, అక్కడే ఐ.బి.ఎం. సంస్థలో పనిచేశారు. అటుపిమ్మట స్టాన్‌ఫర్డ్‌లో చేరి 1966లో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొందారు. యంత్రానికి మానవ భాషణను గుర్తించడం నేర్పే పరిశోధన చేశారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది.

ఆయన కొత్త విద్యలోకి కళ్ళు మూసుకుని దూకలేదని గమనించవలెను. ముందు ఆ యంత్రంతో కొన్నేళ్ళు పనిచేసి, తరువాతనే ఆ శాస్త్రాన్ని వరించారు. ఉన్న పాఠం కష్టమనో, పక్కవారికి పెద్ద జీతం వచ్చిందనో శాఖ మారేవారికి కొత్త చోటకూడా అదే కష్టం ఎదురవుతుంది.

నియమాలనుకూడా ముందుగా తెలుసుకోవలెను. గేట్ పరీక్షలో ఏ ప్రశ్నపత్రం రాయవలెనన్నది అభ్యర్థి ఇష్టమే; కాని ఏ పట్టావారిని చేర్చుకోవలెనన్నది ఆయా విద్యాసంస్థల నిర్ణయం. మంచి మార్కులు వచ్చికూడా అర్హత లేక ఆగిపోయే ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఎం.బి.ఏ.కు మార్గమైన ఐసెట్‌కు ఇటువంటి శాఖా నిర్బంధం లేదు. మూడవ సంవత్సరంలోనే గేట్‌కు కూర్చోవచ్చును. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. కనుక కొత్త శాఖ పునాది పాఠాలను అప్పటినుండే మొదలుపెట్టడం మేలు.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొక్కటే. ఒక శాఖ విద్యార్థి మరొక శాఖ తరగతిలో కూర్చుని వినేందుకు వారానికి రెండు గంటలు అనుమతించండి. అందుకు ధనవ్యయం లేదు. నచ్చనిచో విద్యార్థి తన శాఖకే తిరిగివస్తాడు. నచ్చినచో ఇంట్లో పెద్దలకు ధైర్యంగా సమాధానం చెప్పుకోగలుగుతాడు.