ఒక్క కన్ను చాలు

బీటెక్ మూడో ఏడాదిలో నలుగురం కలిసి టార్చ్ వెంట పరిగెత్తే రోబో చేశాం. ముందు రెండు సెన్సర్లు. ఎడమవైపు వెలుగు ఎక్కువుంటే ఎడమకి, కుడివైపు ఎక్కువుంటే కుడికి. లాజిక్ అంతే. డెమో ముందు రాత్రి ఒక సెన్సర్ పోయింది. పొద్దున సార్ ముందు రోబో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. క్లాసంతా ఒకటే నవ్వు.

ఈమధ్య టెట్రాసెల్మిస్ గురించి చదువుతుంటే ఆ రోజు గుర్తొచ్చింది. ఇది సముద్రంలో బతికే ఆకుపచ్చ ఆల్గే. ఒళ్లంతా కలిపి ఒకటే కణం, సైజు ఇంచుమించు మిల్లీమీటరులో వందో వంతు. మెదడు లేదు, నరం లేదు. కానీ వెలుగు లేకపోతే తిండి లేదు. దాని దగ్గరున్నదల్లా ఒంటికి ఒక పక్కన నారింజ రంగు చుక్క. అంటే మా పాడైన రోబోలాగే సింగిల్ సెన్సర్! మరి దారెలా తెలుస్తుంది?

గిర్రున తిరుగుతుంది కాబట్టి. టెన్త్ బయాలజీలో చదివిన కశాభాలు గుర్తున్నాయా? దీనికి నాలుగు. వాటిని ఆడిస్తూ, తన చుట్టూ తాను తిరుగుతూ ఈదుతుంది. ఆ చుక్క ఒకవైపు నుంచి వచ్చే వెలుగుని అడ్డుకుంటుంది. అందుకే వెలుగు పక్కనుంచి పడితే ప్రతి చుట్టులో ఒకసారి వెలుగు, ఒకసారి చీకటి. ఆ మినుకు ఉన్నంతసేపూ కొంచెం కొంచెంగా దిశ మార్చుకుంటుంది. వెలుగుకి ఎదురుగా రాగానే మినుకు ఆగిపోతుంది. ఇక నేరుగా పోవడమే. ఎండ మరీ ఎక్కువైతే వెనక్కి తిరుగుతుంది.

మా రోబో కూడా తిరిగింది. కాకపోతే తిరుగుతూ ఎప్పుడు వెలుగు తగిలిందో గమనించమని మేం దానికి చెప్పలేదు.

వెలుగుని పట్టేది చుక్క పక్కనున్న పొరలోని ప్రోటీన్. వెలుగు తగలగానే తలుపులా తెరుచుకుని అయాన్లని లోపలికి వదులుతుంది. దీని చుట్టమైన మరో ఆకుపచ్చ ఆల్గే క్లామిడోమోనాస్‌లో ఇలాంటి ప్రోటీన్ పనితీరుని జర్మనీ శాస్త్రవేత్తలు 2002లో వివరించారు. పేరు చానెల్‌రొడాప్సిన్.

అక్కడితో ఆగలేదు. రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పోయిన 58 ఏళ్ల మనిషికి, ఆల్గే నుంచి వచ్చిన అలాంటి ప్రోటీన్ తాలూకు జన్యువుని ఒక కంట్లోకి ఎక్కించారు. ప్రత్యేకమైన గాగుల్స్ పెట్టుకుని, నెలల తరబడి సాధన చేశాక, టేబుల్ మీద నోట్‌బుక్ ఎక్కడుందో చూసి చెయ్యి చాపాడు. 2021లో ఆ ఫలితాలు ప్రచురించారు. మొహాలు పోల్చుకునేంత చూపు కాదు. అయినా ఏళ్ల చీకటి తర్వాత ఓ నోట్‌బుక్ కనిపించడం చిన్న విషయమా?

మా రోబో ఇంకా ఇంట్లో అటక మీదే ఉంది. ఈసారి ఊరెళ్తే కిందకి దించాలి. కొత్త సెన్సర్ కొనను. కోడ్ మారుస్తా.