సంతకం ఉంది, సమ్మతి ఏదీ?

మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌కు చెందిన ఓ తల్లి కొడుక్కి రాసిన గిఫ్ట్ డీడ్‌ను రద్దుచేసి, ఫిబ్రవరి 28లోగా ఆస్తి ఆమెకు అప్పగించాలని 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు హర్షణీయం. కానీ ఆమెను కాపాడింది, కడదాకా చూసుకుంటానన్న మాట కాగితం మీద ఉండటం. డిమెన్షియా వచ్చిన తల్లి ఏ షరతు రాయించుకోగలదు? 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ షరతు చూపమంటుంది. దాన్ని రుజువు చేయాల్సిందేనని 2022లో ఇదే న్యాయస్థానం మరో కేసులో తేల్చింది.

ఆస్తి రాయించుకున్నవాళ్లకు ఈ సందు చాలు. ట్రైబ్యునల్‌గా విచారించే ఆర్డీవో ఎదుట వాళ్లది ఒకటే పాట: ‘సబ్‌రిజిస్ట్రార్ ముందు స్వయంగా, పూర్తి స్పృహతో సంతకం పెట్టారు.’ ఇంతకు మించిన బుకాయింపు లేదు. పెద్దాయనను కారెక్కించి ఆఫీసుకు తెచ్చిందెవరు? దస్తావేజు లేఖరికి డబ్బిచ్చి ‘ప్రేమాభిమానాలతో, ఎవరి బలవంతమూ లేకుండా’ అని రాయించిందెవరు? ఆస్తి అందుకుంటున్నవారే. అధికారి అడిగేది పేరేమిటని, సంతకం మీదేనా అని. అల్జీమర్స్ సాధారణంగా మొదట చెరిపేసేది నిన్నమొన్నటి సంగతులను. ఏళ్ల తరబడి చేసిన సంతకం, పుట్టిన ఊరు, పలకరింపులోని మర్యాద చాలాకాలం నిలుస్తాయి. పొలం ఎవరికి పోతోందో, రాశాక తనకేం మిగులుతుందో తెలియని మనిషి కూడా ఆ రెండు ప్రశ్నలకూ తడుముకోకుండా బదులిస్తాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మతి తప్పినట్లు ‘కనిపించిన’వారి పత్రాన్నే తిరస్కరించమంటుంది. పైకి కనిపించకుండా ముదరడమే కదా ఈ జబ్బు తీరు! ‘నాన్నకు గుర్తుండదు’ అంటూ ఏటీఎం కార్డు తీసి దాచిన కొడుకే, ఇల్లు రాసిచ్చేపాటి తెలివి ఆ నాన్నకు ఉందని ట్రైబ్యునల్‌లో వాదిస్తాడు. సిగ్గు అనే మాట ఇలాంటి చోట వాడకపోతే ఇంకెక్కడ వాడాలి?

మతిమరుపున్న ప్రతివారూ నిర్ణయానికి అనర్హులు కారు. వాటా దక్కని తోబుట్టువులు జబ్బును సాకు చేసుకునే ప్రమాదమూ నిజమే. కాబట్టే పరీక్ష సంతకానికి ముందే జరగాలి.

దేశంలో అరవై దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. వయసు, జబ్బు వల్ల మనసు సన్నగిల్లినవారితో కుదుర్చుకున్న బేరం అన్యాయంగా కనిపిస్తే, ఒత్తిడి లేదని నిరూపించుకునే భారం లాభపడినవారిదేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. ట్రైబ్యునళ్లు ఈ సూత్రాన్నే పాటించాలి. రెండు తెలుగు రాష్ట్రాల సబ్‌రిజిస్ట్రార్లు లబ్ధిదారును బయట కూర్చోబెట్టి, వృద్ధులతో విడిగా మాట్లాడాలి. అనుమానం వస్తే ప్రభుత్వ వైద్యుడు చూసేదాకా పత్రం ఆపాలి. ఇంటికి వెళ్లి చేసే రిజిస్ట్రేషన్లలో ఇది మరీ అవసరం. వృద్ధులతో విడిగా మాట్లాడమనడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. ప్రభుత్వాలు దాన్ని వెంటనే జారీచేయాలి.